గోదాలోకి ఎప్పుడు దింపాలి?

దసరా పూట బూరె వద్దన్న పిల్లను ఆ ఇంట్లో అంతవరకూ ఎవరూ చూడలేదు. నాయనమ్మ రెండోసారి పళ్లెం ముందుకు తోసినప్పుడు పదేళ్ల మనవరాలు తల అడ్డంగా ఊపి, "సార్ తినొద్దన్నారు, రెండు కేజీలు తగ్గాలి" అంది. ఆ సార్ అక్కడే ఉన్నాడు. కాకినాడలో జూడో కోచ్, ఈ ఇంటి పెద్దాయనకు స్వయానా మేనల్లుడు. పండక్కని మేనమామ ఇంటికి అమలాపురం వచ్చాడు. వచ్చే నెలలో జిల్లా పోటీలు. పిల్లను ఒక తరగతి కింది బరువులో దింపితే పతకం ఖాయమని అతని లెక్క.

పెద్దాయన పళ్లెం వంకా, పిల్ల వంకా, మేనల్లుడి వంకా చూసి, ఏమీ అనకుండా వెళ్లి అరుగు మీద కూర్చున్నారు. మేనల్లుడు వెనకే వెళ్లాడు. ఆ రాత్రి చాలాసేపు సాగిన మాటలు అక్కడ మొదలయ్యాయి.

ఈ విషయంలో పెద్దాయన మాటకు బరువుంది. ఆయన చెడీ తాలింఖానా మనిషి. అమలాపురం దసరా చూసినవాళ్లకు దాని గురించి చెప్పక్కర్లేదు. ఊరేగింపు ముందు వీధి వీధినా కర్రలు గిరగిరా తిరుగుతాయి, కత్తులు ఝుళిపిస్తారు. కళ్లకు గంతలు కట్టుకున్న మనిషి, నేల మీద పడుకున్న ఇంకో మనిషి ఒంటిమీద పెట్టిన కొబ్బరికాయను కత్తితో నరుకుతాడు. ఈ విద్య తండ్రి నుంచి కొడుక్కి, ఉస్తాద్ నుంచి వీధి కుర్రాళ్లకి దిగుతూ వచ్చింది. ఇందులో పతకాల్లేవు, పాయింట్లు లెక్కేసే రిఫరీ లేడు. పెద్దాయన పదిహేనో ఏట కర్ర పట్టారు, డెబ్భై దాటాక వదిలారు.

"ఏరా అల్లుడూ, కర్ర పట్టిన ఇన్నేళ్లలో నేను ఏ కుర్రాడినీ పస్తు పెట్టలేదు. మీ జూడోలో ముందు నేర్పేది పస్తేనా?"

"పస్తు కాదు మావయ్యా, తిండి కాస్త మార్చామంతే. పోటీ అన్నాక బరువు చూసుకోవాలి కదండీ. పోటీ లేకుండా నేర్చుకున్నది నేర్చుకున్నట్టు కాదు."

"మా తాలింఖానాలో పోటీ లేదు మరి. మేమెవరం నేర్చుకోనట్టేనా?"

మేనల్లుడు తడుముకోలేదు. "కోప్పడనంటే ఒక మాట. మీ ఎదుట నిలబడేవాడు ఎటు కొడతాడో మీకు ముందే తెలుసు. మీరు ఎటు కాస్తారో అతనికీ తెలుసు. చూడటానికి రెండు కళ్లు చాలవు, ఒప్పుకుంటాను. కానీ నిజంగా కొట్టాలనే ఒకడు మీదికొస్తే ఆ అడుగులు నిలుస్తాయో లేదో ఎప్పుడైనా చూశారా?"

పెద్దవాళ్లను అడగటానికి నోరు రాని ప్రశ్న అది. కానీ అడగాల్సిన ప్రశ్నే. యుద్ధవిద్యలు నేర్పే ప్రతి చోటా, ఏ దేశంలోనైనా, ఈ ప్రశ్న దగ్గరే మాట పట్టింపులు వచ్చాయి.

మేనల్లుడు తన గురువుల గురువు కథ ఎత్తుకున్నాడు. జిగోరో కానో చిన్నప్పుడు పొట్టిగా, బక్కగా ఉండేవాడు. బళ్లో తోటిపిల్లల దెబ్బలు తినలేక జుజుత్సు నేర్చుకున్నాడు. 1882లో టోక్యోలోని ఈషోజీ అనే బౌద్ధాలయంలో పన్నెండు చాపలు పరిచి, తొమ్మిదిమంది శిష్యులతో కొడోకాన్ అనే జూడో బడి ప్రారంభించేనాటికి అతనికి ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు. పాత జుజుత్సులో కన్ను పొడిచే పద్ధతులూ, ఎముక విరిచే పద్ధతులూ ఉండేవి. తోటి శిష్యుడి మీద వాటిని నిజంగా వేసి చూడటం కుదరదు కాబట్టి ముందే అనుకున్న వరసలో, నెమ్మదిగా సాధన చేసేవాళ్లు. కానో ఏం చేశాడంటే, ప్రమాదమైనవాటిని వేరు చేసి 'కాతా' అనే వరసల్లో భద్రపరిచాడు. మిగిలిన విసుర్లనూ పట్లనూ ఎదుటివాడు పూర్తిబలంతో అడ్డుకుంటుండగా వేసి చూడమన్నాడు. ఆ సాధన పేరు రాందోరి.

"ప్రాణం తీసే పట్టు తెలిసినవాడి కంటే, మామూలు పట్టునే వెయ్యిసార్లు ఎదురుతిరిగే మనిషి మీద వేసినవాడు గట్టివాడయ్యాడు మావయ్యా. కానో కనిపెట్టింది అదే."

ఈ వాదానికి సాక్ష్యం కావాలంటే తర్వాతి వందేళ్లూ ఉన్నాయి. కొడోకాన్ శిష్యుడు మిత్సుయో మయేదా బ్రెజిల్ వెళ్లి అక్కడ కార్లోస్ గ్రేసీకి నేర్పాడు. గ్రేసీ కుటుంబం ఆ విద్యను నేల మీది కుస్తీగా పెంచింది. 1993 నవంబర్ 12న అమెరికాలోని డెన్వర్‌లో రకరకాల పోరాట విద్యలవాళ్లను ఒక్క కంచెలో పెట్టి పోటీ జరిపినప్పుడు, ఆ ఇంటి పిల్లాడు రాయిస్ గ్రేసీ తనకంటే బరువైనవాళ్లతో సహా ముగ్గురిని ఒక్క రాత్రే ఓడించాడు. తన్నులకూ గుద్దులకూ పేరున్నవాళ్లు కిందపడ్డాక ఏం చేయాలో తెలియక చేతులెత్తేశారు. ఎదురుతిరిగే మనిషిని నేల మీద పట్టుకోవటం వాళ్లకు ఎవరూ నేర్పలేదు. మన ఊళ్లలో రెండేళ్లు నిండకుండా బ్లాక్ బెల్ట్ కట్టి, పెంకులు పగలగొట్టించి, ఫొటో తీసి పంపే శిక్షణ కేంద్రాలకు కూడా ఈ మాట గట్టిగా చెప్పాల్సిందే. పెంకు ఎదురుతిరగదు.

ఇంతవరకూ మేనల్లుడిదే పైచేయి. పెద్దాయన మోకాలికి కొబ్బరినూనె రాసుకుంటూ విన్నారు. నూనె గిన్నె పక్కన పెట్టి ఒక్క మాట అడిగారు.

"అల్లుడూ, నువ్వు చెప్పింది సాధన గురించి. పిల్లని పంపేది పోటీకి. రాందోరికి పతకం ఇస్తారా?"

"ఇవ్వరు."

"బరువు తూస్తారా?"

"తూయరు."

"మరి బూరె ఎందుకు మాన్పించావు?"

సాధనలో ఎదురుతిరిగే మనిషి వేరు, గెలుపు రాసుకునే పుస్తకం వేరు. అప్పటిదాకా మేనల్లుడు రెండింటినీ కలిపేసి మాట్లాడుతున్నాడు. పోటీని సమర్థించే చాలామంది కోచ్‌లు చేసేది ఇదే. మేనల్లుడు నిజాయితీపరుడు కాబట్టి దాటవేయలేదు. కొడోకాన్‌లో 1884 నుంచే ఎరుపు జట్టు, తెలుపు జట్టు అని పోటీలు ఉండేవనీ, గెలిచినవాడు ఓడేదాకా గోదాలోనే నిలబడేవాడనీ చెప్పాడు. బరువు తరగతులు మాత్రం చాలా తర్వాత వచ్చాయన్నాడు. కానో 1909లో ఆసియా నుంచి తొలి ఒలింపిక్ కమిటీ సభ్యుడయ్యాడు. అయినా జూడోను ఒలింపిక్స్‌లో పెట్టించాలని పట్టుబట్టలేదు. కానో 1938లో పోయాడు. జూడో ఒలింపిక్స్‌కు ఎక్కింది 1964లో, టోక్యోలో.

"పతకం వచ్చాక ఏమవుతుందో నేనూ పేపర్లో చదువుతున్నానురా" అన్నారు పెద్దాయన. "ఆ కరాటే ఫైనల్ సంగతేంటి? మొన్నటి టోక్యోది."

2021 ఆగస్టు 7న 75 కిలోల పైబడిన మగవాళ్ల కరాటే ఫైనల్ అది. సౌదీకి చెందిన తారెగ్ హమేదీ 4-1తో ముందున్నాడు. అతని కాలు ఇరాన్ ఆటగాడు సజ్జాద్ గంజ్‌జాదే మెడకు, తలకు తగిలింది. అతను స్పృహ తప్పి పడిపోయాడు. మోతాదుకు మించిన దెబ్బ అని హమేదీని అనర్హుడిగా ప్రకటించారు. స్ట్రెచర్ మీద బయటికి పోయినవాడికి బంగారు పతకం వచ్చింది. ఆ తర్వాత 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కరాటే లేదు.

"తగలకుండా ఆపాలనేది ఆ ఆట నియమం మావయ్యా. తీర్పు నియమం ప్రకారమే వచ్చింది."

"తీర్పు తప్పనడం లేదు. కాలు విసిరి, తగలకముందే ఆపటం ఒక విద్య. అది రావాలంటే ఏళ్లు పడతాయి. కత్తి కొబ్బరికాయ వరకే దిగాలి, కింద పొట్టకు తగలకూడదు. అది నేర్పకుండా ఏ కుర్రాడి చేతికీ మేం కత్తి ఇవ్వలేదు. నువ్వు ముందు పోటీ పెట్టి, ఆ తర్వాత విద్య వస్తుందంటున్నావు."

మేనల్లుడికి కాస్త పట్టుదల పెరిగింది. లింథోయ్ చనంబం పేరు చెప్పాడు. మణిపూర్ అమ్మాయి. 2022 ఆగస్టులో సరయేవోలో జరిగిన ప్రపంచ క్యాడెట్ జూడో పోటీల్లో 57 కిలోల విభాగంలో బంగారు పతకం తెచ్చింది. ఏ వయసు విభాగంలోనైనా జూడోలో ప్రపంచ విజేత అయిన తొలి భారతీయురాలు ఆమే. చిన్నతనం నుంచీ పోటీల్లో దిగకపోతే ఆ పతకం ఎక్కణ్నుంచి వచ్చేదని అతని ప్రశ్న. తర్వాత మన నిజామాబాద్ నిఖత్ జరీన్ పేరు ఎత్తాడు. పన్నెండు, పదమూడేళ్లకు బాక్సింగ్ గ్లౌజు తొడిగి, 2011లో పద్నాలుగేళ్ల వయసులో టర్కీలో జూనియర్ ప్రపంచ టైటిల్ గెలిచింది.

"పెద్దల టైటిల్ ఎప్పుడు గెలిచింది?"

"2022లో. ఇస్తాంబుల్‌లో. మళ్లీ 2023లో ఢిల్లీలో."

"అంటే మధ్యలో పదకొండేళ్లు."

"అవునండీ. 2017లో భుజానికి దెబ్బ తగిలి ఆటకు దూరమైంది కూడా."

పెద్దాయన దానికి వ్యాఖ్యానం చేయలేదు. పదకొండేళ్లు అన్నమాట గాల్లో అలా ఉండనిచ్చారు. నిఖత్ కథను పతకం కథగా చెప్పేవాళ్లు ఎక్కువ. ఆ పదకొండేళ్లలో ఆమె మళ్లీ మళ్లీ ఓడి, దెబ్బ తిని, కోలుకుని, అయినా రింగు వదలకపోవడమే ఈ వ్యాసానికి కావలసిన కథ. పద్నాలుగేళ్లకు గెలిచిన పిల్లల్లో ఇరవై ఐదేళ్లకు ఎంతమంది ఇంకా ఆడుతున్నారో తల్లిదండ్రులు ఆలోచించాలి.

ఆ రాత్రి వాదం మారింది మాటలతో కాదు, పరుపుతో.

పెద్దాయన మనవరాలిని పిలిచి, "ఏదీ, మీ సార్ ఏం నేర్పారో చూపించు" అన్నారు. హాల్లో రెండు పరుపులు పరిచారు. పిల్ల ఉత్సాహంగా ముందుకొచ్చింది. మేనల్లుడు మెల్లగా, పట్టుకునే, ఆమెను పడేశాడు. గాల్లో ఉండగానే పిల్ల పాములా మెలితిరిగి బోర్లా పడింది. మోచెయ్యి ముందు తగిలింది. రెండోసారీ అంతే.

"వెల్లకిలా పడవేంటే అమ్మా? చెయ్యి విరగదూ?"

"వీపు మీద పడితే ఓడిపోతాం కదా తాతయ్యా!"

మేనల్లుడు నేల చూపులు చూశాడు.

జూడోలో మొట్టమొదట నేర్పేది విసరటం కాదు, పడటం. గడ్డం గుండెకు ఆనించాలి, తల నేలకు తగలకూడదు. వీపు గుండ్రంగా చేసి, అరచేతిని ఒంటికి కాస్త ఏటవాలుగా చాచి చాపను చరచాలి. పడిన బరువు ఆ చేతిలోంచీ వీపులోంచీ చెదిరిపోతుంది. జపాన్‌వాళ్లు దీన్ని ఉకేమి అంటారు, మన క్లబ్బుల్లో బ్రేక్‌ఫాల్ అంటారు. కానీ పోటీలో వీపు మీద బలంగా, వేగంగా పడితే ఇప్పోన్, ఆట అక్కడితో సరి. కాబట్టి త్వరగా పోటీలో దిగిన పిల్ల ఒళ్లు కాపాడుకునే పద్ధతిని కాదు, పాయింటు కాపాడుకునే పద్ధతిని నేర్చుకుంటుంది. ఇది తెలిసే తల నేలకు మోపి తప్పించుకోబోయినవాళ్లను శిక్షించే నియమం పెట్టారు. అయినా పదేళ్ల పిల్ల ఒంటికి నియమ పుస్తకం తెలియదు. దేనికి చప్పట్లు పడ్డాయో అది తెలుస్తుంది.

కాసేపటికి మేనల్లుడే నోరు విప్పాడు. మామూలుగా కోచ్‌లు బయటివాళ్ల ముందు ఎత్తని సంగతులు అవి.

జపాన్ బళ్లలో 1983 నుంచి 2011 దాకా జూడో వల్ల 118 మంది పిల్లలు చనిపోయారు. చాలామంది హైస్కూలు మెట్టులో కొత్తగా చేరినవాళ్లు, పడటం ఇంకా సరిగ్గా రానివాళ్లు. ఓసోతోగారి అని ఒక విసురు ఉంది. కాలు వెనక కాలు వేసి వెనక్కి పడేస్తారు. సరిగ్గా పడటం రాకపోతే తల వెనకభాగం నేలకు కొట్టుకుంటుంది, మెదడు చుట్టూ రక్తం చేరుతుంది. జూడో పుట్టిన దేశంలోనే ఇన్ని చావులు. ఐదు లక్షల పైచిలుకు లైసెన్సులున్న ఫ్రాన్స్‌లో, ప్రభుత్వ అర్హత పత్రం లేనివాడు జీతానికి జూడో నేర్పకూడదు. ఆ పట్టింపు అక్కడ 1955 నుంచీ చట్టంలో ఉంది.

"2013లో ఇంకోటి బయటపడింది మావయ్యా. జపాన్ జాతీయ జట్టు అమ్మాయిలు పదిహేనుమంది, కోచ్ తమను వెదురుకత్తితో కొడుతున్నాడని ఫిర్యాదు చేశారు. అతను తప్పుకున్నాడు. ఒలింపిక్ పతకాల కోసమే కదా కొట్టింది."

"మరి వాళ్లేం చేశారు, జపాన్‌వాళ్లు?"

ఈ జవాబు దగ్గర మేనల్లుడి గొంతు మారింది. 2022లో అఖిల జపాన్ జూడో సమాఖ్య, ఐదు, ఆరు తరగతుల పిల్లలకు ఏటా జరిపే జాతీయ పోటీని రద్దు చేసింది. గెలుపే సర్వస్వం అనే ధోరణి మితిమీరిందని కారణం చెప్పింది. చిన్నపిల్లల చేత బరువు తగ్గించడం, తల్లిదండ్రులూ కోచ్‌లూ రిఫరీల మీద అరవడం అప్పటికే రచ్చకెక్కాయి. ఆనాడు సమాఖ్య అధ్యక్షుడు యసుహిరో యమషిత. 1977 నుంచి 1985 దాకా ఓటమన్నది లేకుండా 203 విజయాలు సాధించినవాడు. 1984 లాస్ ఏంజెలస్‌లో పిక్క కండరం చిట్లినా కుంటుతూ ఫైనల్ ఆడి బంగారు పతకం గెలిచినవాడు. పోటీ అంటే ఏమిటో అంతకంటే ఎరిగిన మనిషి జూడో చరిత్రలో అరుదు. అలాంటి మనిషి నడిపిన సంస్థే పదకొండు, పన్నెండేళ్ల పిల్లలకు జాతీయ పతకం వద్దంది.

"మనం పదేళ్ల పిల్లకు బూరె వద్దన్నాం" అన్నాడు మేనల్లుడు.

బరువు సంగతిలో కూడా అతను ఇక వాదించలేదు. 1997 చివరలో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్లు బరువు తగ్గించే ప్రయత్నంలో నెల పైచిలుకు వ్యవధిలో చనిపోయారు. రబ్బరు చొక్కాలు తొడుక్కుని, వేడి గదుల్లో వ్యాయామం చేసి ఒంట్లో నీరంతా చెమటగా పోగొట్టుకున్నారు. తర్వాతే అక్కడి కాలేజీ క్రీడా సంఘం ఆ పద్ధతులను నిషేధించింది. 2024 పారిస్‌లో వినేశ్ ఫొగాట్ సంగతి దేశమంతా చూసింది. అంతవరకూ అంతర్జాతీయ పోటీల్లో ఓటమి ఎరగని యూయీ సుసాకీని ఓడించి, ఒకే రోజు మూడు కుస్తీలు గెలిచి ఫైనల్ చేరింది. మర్నాడు ఉదయం త్రాసు మీద 50 కిలోలకు 100 గ్రాములు ఎక్కువ తూగింది. ఆమె పెద్దది, తెలిసి ఎంచుకున్న దారి. పదేళ్ల పిల్లకు ఆ ఎంపిక లేదు. సార్ చెప్పారు, అంతే.

ఇక పెద్దాయన పూర్తిగా గెలిచినట్టేనా? కాదు. మేనల్లుడు అడిగిన మొదటి ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు లేదు. నిజంగా మీదికొచ్చే మనిషి ముందు తాలింఖానా అడుగు నిలుస్తుందో లేదో ఆయనకూ తెలియదు. ఆ మాట ఆయనే ఒప్పుకున్నారు.

"మా కుర్రాళ్లచేత కూడా, మెత్తని కర్రలిచ్చి, తలకు తొడుగు పెట్టి, ముందే అనుకోకుండా ఆడించి చూడాలిరా. నేను కర్ర పట్టుకుని తిరిగిన రోజుల్లో ఆ ఆలోచన రాలేదు. వచ్చుంటే బాగుండేది."

"నేనొచ్చి చూపిస్తాను మావయ్యా."

"రా. కానీ పిల్లకి నువ్వు నేర్పాల్సింది ఇంకొకటుంది. ఇందాక పడేసినప్పుడు నువ్వు దాని చొక్కా చెయ్యి పట్టుకునే ఉన్నావు, చూశాను. దానికది నేర్పావా?"

ఆయన కన్ను అక్కడ పడటం ఆశ్చర్యం కాదు. పడుకున్న మనిషి పొట్టమీది కొబ్బరికాయను నరికేవాడికి, ఆ పొట్ట తన బాధ్యత. జూడోలో విసిరినవాడు ఎదుటివాడి చొక్కా చెయ్యిని వదలడు, పైకి లాగి పట్టుకుంటాడు. పడేవాడి తల నేలకు తగలకుండా ఆపేది సగం ఆ పట్టే. పతకం కోసం తొందరపడే పిల్లలు ముందుగా వదిలేసేది దాన్నే. కానో చెప్పిన రెండు సూత్రాల్లో ఒకటి, బలాన్ని సరిగ్గా వాడుకోవడం. రెండోది, తానూ ఎదుటివాడూ కలిసి బాగుపడటం. రెండోది చేతికి తెలిసే చోటు ఆ చొక్కా చెయ్యే.

మర్నాడు పొద్దున్న మేనల్లుడు కాకినాడకు ఫోన్ చేసి జిల్లా పోటీల జాబితాలోంచి పిల్ల పేరు తీయించాడు. తన క్లబ్బులో పన్నెండేళ్ల లోపు వాళ్లెవరూ పోటీ కోసం బరువు తగ్గకూడదనీ, మొదటి మూడు నెలలు పడటం తప్ప ఇంకేమీ ఉండదనీ నిర్ణయించుకున్నాడు. రాందోరి మాత్రం మానడు, దాన్ని ఇంకా పెంచుతాడు. పిల్ల కాసేపు ఏడ్చింది, తర్వాత రెండు బూరెలు తింది.

ఈ సెలవుల తర్వాత పిల్లల్ని కరాటేలోనో, జూడోలోనో, తైక్వాండోలోనో చేర్చబోయే తల్లిదండ్రులు ఒక్క సాయంత్రం ఖర్చు పెట్టండి. గోడ మీద వేలాడే పతకాలను లెక్కపెట్టకండి. కోచ్ అర్హత పత్రం అడిగి చూడండి. ఒక మూల కూర్చుని, ఒక పిల్ల ఇంకో పిల్లను పడేసినప్పుడు చెయ్యి వదిలేస్తోందో, పట్టుకునే ఉందో గమనించండి. వదిలేస్తుంటే, ఆ వదిలేసినందుకు కోచ్ చప్పట్లు కొడుతుంటే, మీ పిల్ల చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకువెళ్లండి.